లాడ్జి మెట్ల మీద చెప్పిన మాట

సూరత్ స్టేషన్ రోడ్డు పక్క సందులో ఒక పాత లాడ్జి. కరోనా రెండోసారి ఊరంతా కమ్ముకున్నప్పుడు ఆసుపత్రుల్లో మంచాలు చాలక, జబ్బు ముదరని వాళ్ళను అలాంటి లాడ్జీల్లో ఉంచారు. అదే ఊరి చివర నవాగామ్‌లో మా ఇల్లు ఒక గది, ఒక వంటిల్లు. కోడలు నిండు నెలలతో ఉంది. నాకు వచ్చింది అదే జ్వరమని తేలిన పూటే బట్టల సంచి సర్దుకుని బయల్దేరాను. నన్ను వెళ్ళమని ఎవరూ అనలేదు. ఉండమనీ అనలేదు.

గది తలుపు తీయగానే ఫినాయిల్ వాసన గుప్పుమంది. దాని అడుగున ఎన్నేళ్ళ నుంచో గోడల్లో ఇంకిన బీడీ పొగ, చెమ్మగిల్లిన పరుపు వాసన. గోడలకు నడుం ఎత్తు దాకా ఆకుపచ్చ రంగు. మూల ఒక బకెట్, అంచు విరిగిన మగ్గు. ఇలాంటి గదులు నాకు కొత్త కాదు. చిన్నప్పుడు ఏడాదికోసారి ఇలాంటి గదుల కోసమే కాచుకుని ఉండేదాన్ని.

రెండో రోజు కిటికీ దగ్గర నిలబడి ఊపిరి పీల్చుకుంటుంటే దగ్గు తెర వచ్చింది. పక్క గది కిటికీ ధడేలున మూసుకుంది. పక్క గదిలో ఉన్నవాడూ ఆ జబ్బుతో వచ్చినవాడే. అయినా మూసుకున్నాడు. నేను మంచం మీద కూర్చుని, ఎన్నడూ ఎవరికీ చెప్పని ఒక ఎండాకాలాన్ని మొదటి నుంచీ తలుచుకున్నాను.

మా బాపు సూరత్ బజారు నుంచి చీరల మూటలు మా తెలంగాణ ఊళ్ళకు చేరవేసే టెంపో నడిపేవాడు. బండి సేటుది. ఎండాకాలం సెలవుల్లో ఒక్క ట్రిప్పుకు మాత్రం ఇంటివాళ్ళను ఎక్కించుకోవడానికి సేటు ఒప్పుకునేవాడు. నవాపూర్ దాటి, ధూలియా మీదుగా, జాల్నా, నాందేడ్ తిరిగి జగిత్యాల దగ్గరి మా ఊరికి చేరేసరికి మూడు రోజులు పట్టేది. మిగతా డ్రైవర్లు రాత్రిళ్ళు కూడా నడిపేవాళ్ళు. బాపుకు పొద్దుగూకితే కళ్ళు సరిగా ఆనేవి కావు. ఆ సంగతి సేటుకు చెప్పకుండా దాచాడు. అందుకే దారిలో చీకటి పడేలోపు ఎక్కడో ఒక చోట ఆగాలి. ఒంటరిగా అయితే బండిలోనే పడుకునేవాడు. మేమున్నామని లాడ్జి తీసుకునేవాడు.

ముందు సీట్లో అమ్మ, ఆమె ఒడిలో ఆరేళ్ళ తమ్ముడు. ఇంజను మీది రేకు మీద గోనెసంచి మడత పెట్టి దాని మీద నేను. వెనక చీరల మూటల మీద మా చిన్నత్త. బాపుకు ఒక్కతే చెల్లెలు. ఇరవై ఏళ్ళుంటాయి. మాతోనే సూరత్‌లో ఉండి, ఇంటి దగ్గరే చీరల దారాలు కత్తిరించే పని చేసేది. మూటల సందులోంచి ముఖం పెట్టి దారిపొడవునా మాతో కబుర్లు. ఎదురొచ్చే ప్రతి లారీ డ్రైవరుకూ ఒక పేరు పెట్టి, వాడి పెళ్ళాం వాణ్ని ఎలా తిడుతుందో వాడి ఊరి యాసలో తిట్టి చూపించేది. బాపు నవ్వు ఆపుకోలేక స్టీరింగు మీద వాలిపోయేవాడు.

"గట్ల నవ్వియ్యకే, బండి బోర్ల పడ్తది," అనేది అమ్మ, తనూ నవ్వుతూనే.

తిండి మూడు రోజులకూ ఇంటి నుంచే. పాత చీర ముక్కలో చుట్టిన సర్వపిండి, పక్కన ఉల్లిగడ్డ. రెండో రోజుకు సర్వపిండికి నువ్వుల నూనె వాసన బాగా పట్టి ఇంకా రుచిగా ఉండేది. తమ్ముడికి మాత్రం వేడి అన్నం కావాలి. లాడ్జి గదుల్లో వంట కూడదు. అమ్మ కిరసనాయిలు స్టవ్వును బట్టల సంచిలో దాచి తెచ్చి, స్నానాల గదిలో పప్పు ఉడికించేది. చిన్నత్త తువ్వాలు తడిపి తలుపు కింది సందులో కుక్కేది, పోపు వాసన వరండాలోకి పోకుండా. అయినా పోయేది. ఒకసారి పక్క గది మార్వాడీ ముసలాయన తలుపు తట్టి, గిన్నె చాపి, కాస్త పప్పు పెట్టమన్నాడు. ఆ రోజు అమ్మ భయంతో సగం పప్పు ఆయనకే పోసేసింది.

గదికి ఇద్దరే అని కొన్ని చోట్ల నియమం. అప్పుడు నన్నూ తమ్ముణ్నీ చిన్నత్త వెనక మెట్ల మీదుగా చెప్పులు చేత పట్టుకుని నడిపించేది. గదిలోకి చేరగానే మంచాల మీద ఎగిరేవాళ్ళం. అరిగిపోయిన సబ్బు ముక్కలు ఏరుకుని జేబులో వేసుకునేవాళ్ళం. పైనుంచి నీళ్ళు కురిసే గొట్టాన్ని మొదటిసారి చూసింది అలాంటి గదిలోనే. ముగ్గురం బట్టలతోనే దాని కింద నిలబడ్డాం. మా గల్లీలో నల్లా దగ్గర బిందె కోసం కొట్లాడేవాళ్ళకు ఆ గది రాజుల కోట.

అన్ని లాడ్జీల్లోకీ నాకు ఇష్టమైనది జాల్నా దాటాక ఒక చిన్న ఊళ్ళో ఉండేది. దాన్ని నడిపే మేనేజరు లావుపాటి మనిషి, తెల్ల టోపీ. వెనక భాగంలో పెళ్ళాం పిల్లలతో కాపురం. మేం ఏడాదికోసారి వచ్చేవాళ్ళమే అయినా నన్ను గుర్తు పెట్టుకునేవాడు. బల్ల మీద గాజు సీసాలో నిమ్మతొనల చాక్లెట్లు ఉండేవి. "ఈ ఏడు కొత్తగా ఏం నేర్చుకున్నావు, పంతులమ్మా?" అని హిందీలో అడిగేవాడు. ఒక ఏడాది పదహారో ఎక్కం అప్పజెప్పాను. ఇంకో ఏడాది గుజరాతీ పాట పాడాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి, అబ్బో అని తల ఊపి, సీసా మూత తీసేవాడు. చాక్లెట్ కన్నా ఆ తల ఊపడమే నాకు ముఖ్యం. మా ఇంట్లో నా చదువును చూసి కళ్ళు పెద్దవి చేసేవాళ్ళు ఎవరూ లేరు.

నాకు పదేళ్ళప్పటి ఎండాకాలం. ఆ చలికాలం నుంచే చిన్నత్తకు దగ్గు. సన్నబడింది. సాయంత్రాలు ఒళ్ళు కాలేది. డాక్టరు ఛాతీకి ఫోటో తీయించి చూసి, టీబీ అన్నాడు. మందులు నాగా లేకుండా మింగితే తగ్గుతుందనీ అన్నాడు. కానీ ఆ రెండో మాట మా ఇంట్లో ఎవరికీ వినపడలేదు. ఆమెకు సూరత్ శివారు భేస్తాన్‌లో మరమగ్గాల మీద పనిచేసే అబ్బాయితో పెళ్ళి ఖాయమై ఉంది. సంగతి బయట పడకముందే ఊళ్ళో నాయనమ్మ దగ్గర దింపి, బాగయ్యాక తెద్దామని బాపు అనుకున్నాడు.

బయల్దేరిన పొద్దున అమ్మ మమ్మల్నిద్దరినీ దగ్గరికి పిలిచింది.

"అత్తకేమైందని ఎవలన్న అడిగితే జలుబు అని చెప్పుండ్రి. ఇంకో మాట మీ నోట్ల నుంచి రావద్దు. ఏందే, ఇంటున్నవా?"

విన్నాను. నాకు బాగా అర్థమైంది కూడా. తెలియక చెప్పానని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు నేను చెప్పుకోలేకపోయాను.

జాల్నా దాటి ఆ లాడ్జికి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. చిన్నత్త లవంగం బుగ్గన పెట్టుకుని, దగ్గు రాకుండా ఊపిరి బిగబట్టి, మేనేజరు ముందు నుంచి మెట్లెక్కింది. గదిలోకి వెళ్ళాక దిండులో ముఖం పెట్టి దగ్గింది. తరువాత తమ్ముణ్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని జోకొట్టింది. వాడు నిద్రపోయాడు. బాపు బండి టైరు చూసుకోవడానికి బయటికి పోయాడు. అమ్మ స్టవ్వు ముట్టిస్తోంది. నేను కిందికి దిగాను.

మేనేజరు మెట్ల మొదట్లో కూర్చుని సాసరులో చాయ్ పోసుకుని తాగుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఈ ఏడు కొత్తగా ఏం నేర్చుకున్నావు, పంతులమ్మా?"

దారిలో ఒక పద్యం సిద్ధం చేసుకున్నాను. కానీ అది తెలుగు పద్యం, ఆయనకు ఏం అర్థమవుతుంది అనిపించింది. అంతకంటే పెద్ద సంగతి నా దగ్గర ఉంది.

"ఊపిరితిత్తులకు పురుగు పడితే దాన్ని టీబీ అంటారు," అన్నాను హిందీలో. "మా అత్తకు వచ్చింది."

ఆయన కళ్ళు నిజంగానే పెద్దవయ్యాయి. నేను ఇంకా చెప్పాను. ఫోటోలో మచ్చ కనపడిందన్నాను. ఒకసారి రుమాలు మీద నెత్తురు పడిందన్నాను. ఆయన సాసరు కింద పెట్టాడు. లేచి, పంచె ఎగగట్టి, మెట్లెక్కాడు. నేను అక్కడే నిలబడ్డాను.

పైనుంచి అరుపులు. గదుల్లోంచి జనం వరండాలోకి వచ్చారు. బాపు బయటినుంచి పరిగెత్తుకొచ్చి, "జలుబే సాబ్, ఉత్త జలుబే," అని చేతులు జోడించాడు.

"నాకు అబద్ధాలు చెప్పకు," అన్నాడు మేనేజరు. "నా ఇంట్లో ముగ్గురు పసివాళ్ళున్నారు. నాకు చెప్పింది నీ బచ్చానే."

బచ్చా అన్నాడు. ఆడపిల్ల అనలేదు, మగపిల్లాడనీ అనలేదు.

పరుపును మేడ మీది నుంచి కింది వాకిట్లోకి పడేయించాడు. దాని మీద ఫినాయిల్ పోశారు. సగం ఉడికిన పప్పు గిన్నెను అమ్మ కొంగుతో పట్టుకుని దిగింది. ఆమె వెనక తమ్ముణ్ని భుజాన వేసుకుని చిన్నత్త. వరండాలో నిలబడ్డవాళ్ళు గోడకు అతుక్కుపోయి దారి ఇచ్చారు. వాళ్ళలో ఒకామె మా వైపు మనిషే. సూరత్ నుంచి ఊరికి పోతూ అక్కడ దిగింది.

"అయ్యో, గీ పిల్ల భేస్తాన్ పోరనికి ఇచ్చే పిల్ల కాదుల్లా?" అంది తన మొగుడితో, మాకు వినపడేట్టే.

బండి ఊరు దాటాక బాపు పక్కకు ఆపాడు. దిగి, మా వైపు తలుపు తీశాడు.

"ఎవలు చెప్పిండ్రు?"

బాపు చెయ్యి ఎంత బరువో నాకు తెలుసు.

"తమ్ముడు," అన్నాను.

వాడు అప్పుడే నిద్ర లేచాడు. "నేనా?" అన్నాడు. అంతే. బాపు వాణ్ని రెక్క పట్టి కిందికి లాగాడు. బెల్టు తీశాడు. ఆరేళ్ళ పిల్లవాడిని ఆ రోడ్డు పక్కన కొట్టిన దెబ్బలు ఎన్నో నాకు తెలియదు, నేను కళ్ళు మూసుకున్నాను. మాటలు మాత్రం వినపడ్డాయి. మొదట "నేను చెప్పలే బాపూ" అన్నాడు. తర్వాత ఏడుపే. చివరికి, "చెప్పిన బాపూ, చెప్పిన, ఇంక చెప్ప," అన్నాడు. అప్పుడు ఆగింది చెయ్యి.

చిన్నత్త వెనక నుంచి దిగి వచ్చి వాణ్ని లాక్కుని గుండెకు అదుముకుంది. వాడి తల మీదుగా నా వైపు చూసింది.

తర్వాతి ఊళ్ళో బాపు ఇంకో లాడ్జి చూశాడు. మా ముగ్గురినే లోపలికి తీసుకుపోయాడు. "నువ్వు బండ్లె పండుకో చెల్లె. మళ్ళ లొల్లి వద్దు," అన్నాడు, ముఖం చూడకుండా. అమ్మ ఒక దుప్పటి, నీళ్ళ చెంబు ఇచ్చింది. నేను మంచం మీద పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది, అదే నాకు ఇప్పటికీ మింగుడు పడని విషయం.

పొద్దున్నే లేచి బండి దగ్గరికి పోయాను. చిన్నత్త తల దువ్వుకుంటోంది. సూరత్ చీరల మూటల మధ్య, దుకాణాల్లో పెట్టే బొమ్మలాగ కూర్చుని ఉంది. ఒళ్ళంతా దోమకాట్లు.

"కోడలు పిల్లా, ఇటు రా," అని పిలిచింది. దగ్గరికి పోలేదు నేను. రెండు అడుగుల దూరంలో నిలబడ్డాను. అది చూసింది. దువ్వెన పక్కన పెట్టింది.

"అల్లుడు నా ఒళ్ళెనే పండుకున్నడు గదనే. కిందికి ఎప్పుడు వోయిండు?"

నేను నేల చూశాను.

"పో," అంది. "పోయి మొకం కడుక్కో."

బాపుతో మాత్రం ఒక్క మాట అనలేదు.

మేం ఊరు చేరిన వారానికే భేస్తాన్ వాళ్ళు సంబంధం వద్దని కబురు పంపారు. మందులు మింగి చిన్నత్త ఏడాదిన్నరకు పూర్తిగా బాగైంది. కానీ ఆ తర్వాత ఏ సంబంధం వచ్చినా, వాళ్ళకంటే ముందు ఆ మాట వచ్చేది. నాయనమ్మ దగ్గరే ఉండి బీడీలు చుట్టింది. నాయనమ్మ పోయాక ఒక్కతే ఉంది. సూరత్‌కు ఒకే ఒక్కసారి వచ్చింది, తమ్ముడి పెళ్ళికి. ఆ రాత్రి చాప తీసుకుని గడప బయట పరుచుకుంది. అమ్మ వెళ్ళి లోపల పడుకోమంటే, "నాకు బయటనే అలవాటైంది వదినా," అంది. బాపు అక్కడే ఉన్నాడు. లేచి లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ మమ్మల్ని టెంపోలో ఎక్కించుకోలేదు. ఆ ప్రయాణాలు ఆ ఏడాదితోనే ఆగిపోయాయి.

తమ్ముడు మాటలు తక్కువ మనిషిగా పెరిగాడు. ఎవరన్నా ఏదన్నా అడిగితే ముందు మా ముఖాలు చూసేవాడు, చెప్పొచ్చా అన్నట్టు. మగ్గాల మెకానిక్కు అయ్యాడు. గదినిండా మగ్గాల మోతలో మాట్లాడే పని లేదు, అది వాడికి నచ్చింది. ఒకసారి పండక్కి మా ఇంట్లో తింటూ తింటూ అన్నాడు. "అక్కా, చిన్నప్పుడు నేను నోరు జారకపోతే అత్తకు ఒక ఇల్లు, పిల్లలు ఉండేటోళ్ళు." అప్పటికి నేను బడిలో పంతులమ్మని. నిజం చెప్పాలని పిల్లలతో రోజూ చెప్పించేదాన్ని. "అప్పుడు నీకేం తెలుసురా, చిన్న పోరనివి," అన్నాను. ఓదార్చినట్టే అన్నాను. కూర వడ్డించాను.

వాడు కరోనా మొదటిసారి వచ్చినప్పుడే పోయాడు. ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వలేదు. చివరి చూపు కూడా దూరం నుంచే, మూటలా చుట్టి ఉంటే. అందులో ఉన్నది వాడే అని మేం నమ్మాం, అంతే.

లాడ్జిలో నాలుగో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. ఊరి నుంచి చిన్నత్త. డెబ్బై దాటాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఎట్లున్నది కోడలు పిల్లా? దమ్ము ఆడుతున్నదా?"

"ఆడుతున్నది అత్తా. లాడ్జిల ఉంచిండ్రు."

"ఎరుకే. అన్నం మంచిగ వెడ్తున్నరా?"

పెడుతున్నారన్నాను. ఇంకో నాలుగు రోజులు ఉంటానో ఉండనో తెలియని మనిషికి వచ్చే ధైర్యం ఏదో నాకు వచ్చింది.

"అత్తా, ఆ దినం చెప్పింది నేనే."

అవతల గాజుల చప్పుడు ఆగింది. బీడీలు చుడుతూ మాట్లాడుతున్నట్టుంది.

"గిన్నేండ్లకు చెప్తున్నవా?" అంది. గొంతులో కోపం లేదు. ఆశ్చర్యం కూడా లేదు. "నాకు కాదు బిడ్డా. నాకు అప్పుడే ఎరుక. అల్లునికి చెప్పినవా?"

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"వాడు పోయేదాక చెప్పలేదా?"

"లేదత్తా."

"ప్రతి ఎండాకాలం వచ్చేటోడు నా తాన. ఓ చీర తెచ్చేటోడు. కాళ్ళ కాడ కూసుండి, నా నోరు పాడుగాను అత్తా, మాఫ్ చెయ్యి అనేటోడు. నువ్వు కాదురా అన్న. నమ్మలే. నన్ను సముదాయించనీకె అంటున్నవ్ అన్నడు. మరెవలు చెప్పిండ్రో చెప్పు, అప్పుడు నమ్ముత అన్నడు."

"మరి నా పేరు ఎందుకు చెప్పకపోతివి అత్తా?"

"నువ్వే చెప్తవనుకున్న," అంది. "ఒక్కతే అక్కవు కదా, ఎప్పుడో ఒకప్పుడు చెప్పకపోతవా అనుకున్న. యేటా వాడు రాంగనే మొకం చూసేదాన్ని, నువ్వు చెప్పినవేమో అని."

మందులు వేళకు వేసుకోమని చెప్పి పెట్టేసింది.

నాకు తగ్గింది. పది రోజులకు ఇంటికి పంపారు. మనవడు పుట్టాడు. ఇల్లు పిల్లవాడి ఏడుపుతో, వాము పొగతో నిండింది. నెల గడిచాక ఒక సాయంత్రం తమ్ముడి ఇంటికి పోయి, మరదలికి మొత్తం చెప్పాను. మెట్లు, మేనేజరు, బెల్టు, ఏదీ దాచలేదు. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. చేట పక్కన పెట్టింది.

"వాళ్ళు వీళ్ళు ఏమన్న అడిగితే మాట్లాడడేంది, మూగోడా ఏంది అని ముప్పై ఏండ్లు ఆయన్ని సతాయించిన వదినా," అంది. "నాకన్న చెప్పకపోతివి."

చాయ్ పెట్టింది. మర్యాద తప్పలేదు. నేను తాగి లేచాను. ఆమె వాకిలి దాకా వచ్చి, నేను చెప్పులు వేసుకునే దాకా నిలబడి, తలుపు మెల్లగా వేసుకుంది. ఆ తర్వాత ఆమె మా ఇంటికి రాలేదు. రమ్మని పిలిచే ముఖం నాకు లేదు.